తెర వెనుక ఖాళీ సీట్లు

సంతలో ఆకుకూర లమ్ముకొను ముసలమ్మకు అర్థశాస్త్ర రహస్య మొకటి తెలియును. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట గంపలో మిగిలిన తోటకూర మరునాటికి తోటకూర కాదు, పెంట. కావుననే ఆమె దీపములవేళకు ధర తగ్గించును. అప్పటికిని మిగిలినచో దారిని పోవు బీదరాలి ఒడిలో రెండు కట్టలు పడవేసి, గంప బోర్లించుకొని ఇల్లు చేరును. ఆమె చేసినది దానమే కాని నష్టము కాదు. ఏలయన, ఆ కట్టలు వీధిలో పారవేసినను ఆమెకు దక్కునది శూన్యమే.

లోకములో తోటకూరకంటె త్వరగా వాడిపోవు సరకొకటి కలదు. అది విమానములోని ఖాళీ సీటు. తోటకూరకు తెల్లవారువరకైన గడువున్నది. సీటుకు తలుపు మూయువరకే గడువు. అయ్య వచ్చువరకు అమావాస్య ఆగనట్లే, కొనువాడు వచ్చువరకు విమాన మాగదు. చక్రములు నేల విడిచిన క్షణమున ముందు గదిలోని మెత్తని సీటునకును, వెనుక గదిలోని ఇరుకు సీటునకును, అవి ఖాళీగా నున్నచో, ఒక్కటే వెల. ఆ వెల సున్న.

ఇంత తేటతెల్లమైన సంగతి, లెక్కలు కట్టుటకు యంత్రములను, ఆ యంత్రములను నడుపుటకు పండితులను పోషించుచున్న విమాన కంపెనీలకు తెలియదా? తెలియును. తెలిసియు వారేమి చేయుచున్నారో, ఏమి చేయవలసి యున్నదో, అందు ప్రజలకు గల హక్కెట్టిదో విచారించుటకే ఈ నాలుగు మాటలు. ధనికుల మెత్తని కుర్చీలతో మనకేమి పనియని చదువరులు పత్రిక మడిచిపెట్టవలదని ప్రార్థన. ఆ కుర్చీ వట్టిగా పోవుటలోని నష్టము వెనుక గదిలో మోకాళ్లు ముడుచుకొని కూర్చున్న మనవారిదే.

గత సంవత్సరము నేను న్యాయస్థానపు పనిమీద ఢిల్లీ పోయి, రాత్రి విమానములో హైదరాబాదునకు మరలి వచ్చుచుంటిని. ప్రక్క సీటులో జగిత్యాల ప్రాంతపు వృద్ధురా లొకతె కూర్చుండెను. ఆమెకు డెబ్బది యేండ్లు దాటినవి. అమెరికాలో కుమార్తె పురిటికి పోయి, ఆరు నెలలు పసిబిడ్డను పెంచి, పదునైదు గంటలకు పైగా ఆకాశమున గడపి, ఢిల్లీలో విమానము మారి వచ్చుచున్నది. పాదములు వాచి చెప్పులు పట్టక, వానిని చేతి సంచిలో పెట్టుకొని వట్టి కాళ్లతో కూర్చున్నది. ఇరువైపుల మనుష్యులు, ఆమెది నడిమి సీటు. కాలు చాచుటకు జానెడు చోటు లేదు. పరిచారిక తెర తొలగించుకొని వచ్చినపుడు ముందు గది కనబడెను. అందు సగమునకు పైగా సీట్లు ఖాళీ.

నేను ఆ పరిచారికను పిలిచి, "అమ్మా, ఈమెను ముందు సీటులో కూర్చుండబెట్టరాదా? భోజన మక్కరలేదు, మర్యాదలక్కరలేదు, కాళ్లు చాచుకొననిచ్చిన చాలును" అని అడిగితిని. ఆ బాలిక ముఖమున జాలి కనబడెను. కాని ఏమి చేయగలదు? "మాకు అధికారం లేదండీ, సార్. కంపెనీ ఒప్పుకోదు" అనెను. వృద్ధురాలు మా మాటలు విని, "ఎందుకు బిడ్డా ఆ పిల్లను తిప్పల పెడ్తవు? ఇంకెంత, రెండు గంటలే గద!" అని నన్నే ఓదార్చెను. ఆ రెండు గంటలును ఖాళీ సీట్లు తెర వెనుక సుఖముగా ప్రయాణము చేసినవి.

తప్పు ఆ బాలికది కాదు. ఆమె చేతికి అధికార మీయని కట్టుబాటుది. ఆ కట్టుబాటును విమర్శించుటకు ముందు ప్రతివాది వాదము వినుట న్యాయవాది ధర్మము గనుక, కంపెనీల పక్షము మొదట విందము.

పై తరగతి సీటును ముందుగనే చౌకగా అమ్మివేసినచో, చివరి గడియలో పరుగెత్తి వచ్చు వర్తకునకు సీటుండదు. అతడు ఎంతయైన నిచ్చును. కావున అతనికై కొన్ని సీట్లు ఆపియుంచవలెను. ఎన్ని ఆపవలెనను ప్రశ్నకు 1972వ సంవత్సరమున, బ్రిటిషు ఓవర్‌సీస్ ఎయిర్‌వేస్ కార్పొరేషనులో పనిచేయుచుండిన కెన్నెత్ లిటిల్‌వుడ్ అను నతడు ఒక సూత్రము చెప్పెను. చేతికి వచ్చిన తక్కువ ధర యొకవైపు. రాదగిన ఎక్కువ ధర, అది వచ్చుటకు గల అవకాశముతో హెచ్చించి, రెండవవైపు. మొదటిది బరువైన అమ్ముము. రెండవది బరువైన ఆపుము. 1978లో అమెరికా ప్రభుత్వము విమాన ఛార్జీలపై తన పట్టు వదలుకొనగా ఈ లెక్క ఆయుధమాయెను. పీపుల్ ఎక్స్‌ప్రెస్ అను చౌక కంపెనీ 1981లో బయలుదేరి పెద్ద కంపెనీలను వణికించెను. 1985 జనవరిలో అమెరికన్ ఎయిర్‌లైన్సు వారు ఈ లెక్క సాయముతోనే కొన్ని సీట్లను మాత్రము చౌకకు విడిచి, తక్కినవానిని పెద్ద ధరకు నిలిపి, ఎదురుదెబ్బ తీసిరి. 1987 నాటికి పీపుల్ ఎక్స్‌ప్రెస్ మరియొక కంపెనీలో కలిసిపోయి పేరు మాసిపోయెను. మన దేశమున 2003లో పుట్టిన ఎయిర్ డెక్కను ఒక్క రూపాయి టిక్కెట్లను ప్రకటించి జనులను ఆశ్చర్యపరచినదియు ఈ లెక్క చలువనే.

ఈ లెక్కను నేను నిందింపను. చివర వచ్చిన వర్తకుడు హెచ్చుగా నిచ్చుటచేతనే, ముందు కొన్న విద్యార్థికి తక్కువకు దొరకుచున్నది. కాని ఈ లెక్కకు హద్దు కలదు. వచ్చువానికొరకు సీటు ఆపుట వివేకము. రాడని తేలిన పిమ్మటను ఆపుట వివేకము కాదు. అది వట్టి గర్వము. టిక్కెట్ల అమ్మకము ముగిసిన తరువాత మిగిలిన సీటును గూర్చి లిటిల్‌వుడ్ సూత్రము చెప్పున దేమియు లేదు. అచ్చట లెక్క ముగిసి నీతి మొదలగును.

ఇక కంపెనీలు ఆ మిగిలిన సీట్ల నేమి చేయుచున్నవి? మూడు మార్గములు కనబడుచున్నవి.

మొదటిది, తరచు తిరుగువారికి బహుమాన మిచ్చుట. 1981 మే నెలలో అమెరికన్ ఎయిర్‌లైన్సు ప్రారంభించిన ఈ ఆచారము నేడు ప్రపంచమంతట వ్యాపించినది. ఎన్ని మైళ్లు తిరిగిన అన్ని గుర్తులు. ఎన్ని గుర్తులున్న అంత పై పీట. వినుటకు న్యాయముగనే యున్నది. కాని తరచు తిరుగువా డెవ్వడు? అధికభాగము కంపెనీ పనిమీద, కంపెనీ ఖర్చుతో తిరుగు ఉద్యోగి. టిక్కెట్టు సొమ్ము యజమానిది, సుఖము ఉద్యోగిది. అత్త సొమ్ము అల్లుడు దానము చేసినట్లు, ఎవరి డబ్బుతోనో గడించిన గుర్తులతో అతడు ముందు గదిలోనికి పోవును. గల్ఫు దేశములలో మూడేండ్లు చెమటోడ్చి, ఒకసారి ఇల్లు చూడ వచ్చు నిజామాబాదు కూలివానికిని, కోనసీమనుండి కువైటునకు వంటపనికి పోయిన ఇల్లాలికిని ఏ గుర్తులు చేరును? వారు తమ టిక్కెట్టు తాము కొన్నవారు. కొందరు అప్పు చేసి కొన్నవారు. వారు మాత్రము జన్మమంతయు కడపంక్తివారే.

రెండవ మార్గము వేలము. నేను చెప్పిన ఢిల్లీ ప్రయాణమునకు రెండు దినములు ముందు నా ఫోనునకు ఒక జాబు వచ్చెను. మీ ప్రయాణమును సుఖవంతము చేసికొనుడు, మీకు తోచిన మొత్తమునకు పాట పాడుడు అని దాని తాత్పర్యము. క్రింద ఒక ముల్లు. మొత్తము తగ్గించిన ఎరుపువైపునకును, పెంచిన పచ్చవైపునకును అది జరుగును. సీట్లెన్ని ఖాళీ? చెప్పరు. పాడువా రెందరు? చెప్పరు. గెలుచుటకు ఎంత చాలును? చెప్పరు. బ్యాంకు కార్డు సంఖ్య మాత్రము ముందుగనే సమర్పించుకొనవలెను. ఈ పద్ధతి నేడు పెక్కు దేశముల కంపెనీలలో నున్నది. 2009లో పుట్టిన, కెనడా దేశపు మాంట్రియలు నగరము కేంద్రముగా గల ప్లస్‌గ్రేడ్ అను సంస్థ అనేక కంపెనీలకు ఇట్టి వేలములు నడుపుటయే వృత్తిగా పెట్టుకొన్నది.

నేను ఎన్నో యేండ్లుగా కోర్టు వేలములు చూచుచున్నవాడను. అప్పుపడిన రైతు రెండెకరములు వేలము వేయవలెనన్నను సివిల్ ప్రొసీజరు కోడు 21వ ఆర్డరు 66వ రూలు అడ్డు నిలుచును. అమ్మబోవు ఆస్తి యేది, దానిమీది భారములేవి, కొనువాడు తెలిసికొనదగిన ముఖ్యాంశములేవి, ఇవన్నియు వీలైనంత యథార్థముగ ప్రకటింపవలెనని అది శాసించుచున్నది. ఊరిలో దండోరా వేయవలెను. పాట బహిరంగముగ జరుగవలెను. ప్రకటనలోగాని నడుపుటలోగాని పెద్ద లోపమో మోసమో జరిగి, అందుచే నష్టము కలిగినచో, ఆ వేలమును కొట్టివేయుమని 90వ రూలు క్రింద దరఖాస్తు పెట్టుకొనవచ్చును. అప్పులవాని నేలకున్న ఈపాటి రక్షణ, సొమ్ము చెల్లించిన ప్రయాణికునకు లేదు. కంపెనీ వేలములో వేలము వేయువాడే అందరి పాటలును చూచును, వాడే తీర్పు చెప్పును, కారణము చెప్పనక్కరలేదు. దీనిని వేలమనుట వేలమునకే అవమానము. ఇది కండ్లకు గంతలు కట్టి జేబు తడుముట.

బహిరంగ వేలము విమానములకు తెలియనిది కాదు. సీట్లకు మించి టిక్కెట్లమ్మి, మిగిలినవారిని గెంటివేయుచుండిన కాలమున, 1968లో జూలియన్ సైమన్ అను అమెరికా అర్థశాస్త్రవేత్త ఒక ఉపాయము చెప్పెను. ఎవరిని దింపవలెనో కంపెనీ నిర్ణయింపరాదు. ఎంత పరిహార మిచ్చిన తమంతట తాము దిగుదురో ప్రయాణికులనే అడుగవలెను. తక్కువ కోరినవారిని దింపవలెను. మొదట నవ్విరి. పదేండ్లకు అమెరికా ప్రభుత్వము ఇష్టపడి దిగువారిని ముందుగా అడిగితీరవలెనని నియమము చేసెను. మన దేశపు పౌర విమానయాన డైరెక్టరేటు నియమములలోను ఇష్టపడి దిగువారిని మొదట అడుగవలెననియే యున్నది. 2017 ఏప్రిల్‌లో చికాగో నగరమున యునైటెడ్ కంపెనీ తన సిబ్బందికొరకు నాలుగు సీట్లు కావలసి, ఎనిమిదివందల డాలర్లవరకు పాడి అంతటితో నిలిపి, టిక్కెట్టు కొని కూర్చున్న ఒక వైద్యుని ఈడ్పించి లోకమున అప్రతిష్ఠ పాలయ్యెను. ఆ నెలలోనే తన గరిష్ఠ పరిహారమును పదివేల డాలర్లకు పెంచుకొనెను.

ఇందలి వింత చదువరులు గమనింతురు గాక. కంపెనీకి సీటు కావలసినపుడు నలుగురి ఎదుట గొంతెత్తి పాడిన పాట. మనకు సీటు కావలసినపుడు చీకటిలో చాటుపాట. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి యన్న సామెత పెద్దలు ఈ కంపెనీలను చూడకయే చెప్పిరి.

మూడవ మార్గము సీటును వట్టిగా పోనిచ్చుట. దీనికి చెప్పు కారణము, హెచ్చు సొమ్మిచ్చి కొన్నవాని గౌరవము చెడునట. ప్రక్క సీటు ఖాళీగా నుండవలెనని అతడు రెండు టిక్కెట్లు కొనలేదు గదా! అతనికి వాగ్దానము చేసినది తన సీటు, తన భోజనము, తన మర్యాద. ఆ మూడింటిలో ఒక్కటియు, ప్రక్కన ఒక వృద్ధురాలు కాళ్లు చాచుకొని కూర్చున్నందున తరిగిపోదు. ఒకరి సుఖమునకు మరియొకరి బాధయే ప్రమాణమనుకొను మనస్తత్వమును పోషించుట వ్యాపారము కాదు, కులము.

ఇందుకు మారుగా ఏమి చేయవలెను? ఉత్తరువు కొరకు విదేశములకు పోనక్కరలేదు. మన రైళ్లే చెప్పుచున్నవి.

1917వ సంవత్సరమున గాంధీమహాత్ముడు రైలు మూడవ తరగతిని గూర్చి చిన్న పుస్తకమొకటి ప్రకటించెను. మొదటి తరగతివాడు అయిదు రెట్లు చెల్లించుచున్నాడు, నిజమే. మూడవ తరగతివానికి అతని సౌఖ్యములో అయిదవ వంతైన దొరకుచున్నదా యని ఆయన అడిగెను. 1974లో మూడవ తరగతి పేరు తీసివేయబడెను. పేరు పోయినంతమాత్రమున ఇరుకు పోలేదు. కాని 2006లో రైల్వేవారు ఒక మంచి పని చేసిరి. ప్రయాణికుల పట్టిక తయారగు వేళకు పై తరగతిలో బెర్తులు మిగిలియున్నచో, క్రింది తరగతిలో పూర్తి ఛార్జీ చెల్లించి అందుకు సమ్మతించిన ప్రయాణికులను కంప్యూటరు ఎన్నుకొని పైకి పంపును. పైసా అదనముగా పుచ్చుకొనరు. పైకి పోయినవాని బెర్తు, ఎదురుచూపు పట్టికలో నున్నవానికి దక్కును. 2025లో ఈ ఏర్పాటును సవరించి, రెండు తరగతులకు మించి పైకి పంపరాదని హద్దు పెట్టిరి. కాని మూలసూత్రము చెక్కుచెదరలేదు.

ఈ ఏర్పాటులోని అందము చూడుడు. స్లీపరు తరగతిలోని ఒకడు పైకి పోయి చల్లగా నిద్రించును. ప్లాట్‌ఫారముమీద దిగులుగా నిలిచినవానికి పడక దొరకును. రైల్వేకు ఆ రెండవవాని టిక్కెట్టు సొమ్ము నిలుచును. ఒక ఖాళీ బెర్తు మూడు మేళ్లు చేసినది. ఇదే సూత్రము విమానములో నేల పనికిరాదు? ఎకానమీ గది నిండి, మనుష్యులు టిక్కెట్టు లేక తిరిగిపోవుచుండగా, ముందు గది ఖాళీగా నుండుట తా తినక ఒకరికి పెట్టక అన్నట్లున్నది. ఒకరిని ముందుకు పంపిన, వెనుక ఒక సీటు పుట్టును. ఆ సీటును చివరి గడియలోని మంచి ధరకే అమ్ముకొనవచ్చును. ధర్మము చేసి లాభము పొందు అవకాశము వర్తకునకు ఇంత సులభముగ మరెచ్చట దొరకును?

దీనికి కంపెనీల పండితులు ఒక గట్టి ఆక్షేపణ చెప్పుదురు. దానిని దాటవేయుట తగదు. ఉచితముగా పైకి పంపుదురని తెలిసినచో ఎవ్వడును పై తరగతి టిక్కెట్టు కొనడు. అందరును క్రింది టిక్కెట్టు కొని కాచుకొని కూర్చుందురు అని. ఈ భయము సత్యమే, ఎప్పుడు? ఎవరికి దొరకునో ముందుగా తెలిసినపుడు. సంతలో ముసలమ్మ ప్రతిదినము ఆరుగంటలకు ధర సగము చేయునని తెలిసిన, అయిదుగంటలకు కొనువాడుండడు. కాని రైలులో ఎవని పేరు వచ్చునో ఎవనికిని తెలియదు. సుఖముగా పోవలెనని నిశ్చయించుకొన్నవాడు అదృష్టముమీద ఆధారపడి స్లీపరు టిక్కెట్టు కొనడు. ఇన్నేండ్లుగా ఈ ఏర్పాటు నడచుచున్నను ఏసీ బోగీల టిక్కెట్లు కొనువారు మాయము కాలేదు. కావున మందు రహస్యపు వేలము కాదు. బహిరంగమైన నియమము, దానితో కూడిన చీటీ. నియమ మందరికి తెలియవలెను. ఫలిత మెవరికిని ముందు తెలియరాదు. నేటి కంపెనీల పద్ధతి సరిగా దీనికి తలక్రిందులు: నియమము రహస్యము, ఫలితము మాత్రము తరచు తిరుగువారికి ముందే తెలిసినది.

రెండవ ఆక్షేపణ: విమానము మాది, సీటు మాది, నడుమ మీరెవ్వరు? ఇది స్వంత గుర్రపుబండి అయినచో నేను నోరు మూసికొందును. కాని విమాన మెగురుటకు ఆకాశము ప్రజలది. దిగుటకు నేల ప్రజలది. 2008లో తెరచిన శంషాబాదు విమానాశ్రయము దాదాపు 5,500 ఎకరముల నేలమీద వెలసినది. ఎయిర్ ఇండియాను 1953లో జాతీయము చేసిరి. 2022 జనవరిలో తిరిగి టాటాలకు అప్పగించిరి. ఆ అప్పగింతలో కొన్నవారు 15,300 కోట్ల రూపాయల ఋణమును తలకెత్తుకొనగా, మిగిలిన 46,262 కోట్ల ఋణము ప్రభుత్వమువద్దనే, అనగా మన తలమీదనే, ఉండిపోయెను. ఆ విమానములో ఎన్నడును అడుగుపెట్టని పాలమూరు రైతు కొన్న అగ్గిపెట్టె పన్నులోను ఆ భారమున్నది. ముందు గది టిక్కెట్టుమీద 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి నూటికి 18 వంతున పన్ను పుచ్చుకొను ప్రభుత్వమునకు, ఆ గదిని గూర్చి ఒక మాట చెప్పు హక్కు లేదనుట వింతవాదము.

చట్టము ఈ సీటు విలువ నెరుగని దియు కాదు. పై తరగతి టిక్కెట్టు కొన్నవానిని కంపెనీ తనంతట క్రింది తరగతికి దింపినచో, స్వదేశ ప్రయాణమున పన్నులతో సహా టిక్కెట్టు ధరలో నూటికి 75 వంతులు, విదేశ ప్రయాణమున దూరమునుబట్టి 30, 50, 75 వంతులు తిరిగి యీయవలెనని 2023 ఫిబ్రవరి 15వ తేదీనుండి నియమము వచ్చినది. మంచిదే. పైనున్నవాడు క్రిందికి జారినపుడు నొచ్చుకొన్న చట్టము, క్రిందనున్నవారు పైకి పోవలసిన వేళ మౌనము వహించుట ఏమి న్యాయము?

ఈ మౌనమునకు మూల్యము 2025 డిసెంబరులో కంటిమి. పైలట్ల విశ్రాంతిని గూర్చిన నియమములకు తగిన ఏర్పాట్లు చేసికొనక, దేశములో అన్నిటికంటె పెద్దదైన ఇండిగో కంపెనీ కొలది దినములలో వేల సర్వీసులు రద్దు చేసెను. శంషాబాదులోను, ఢిల్లీలోను, బెంగుళూరులోను జనులు పెట్టెలమీద తలలు పెట్టి నిద్రించిరి. తక్కిన కంపెనీల ఛార్జీలు ఆకాశమునంటెను. ప్రభుత్వము డిసెంబరు 6వ తేదీన మేల్కొని, 500 కిలోమీటర్ల లోపు 7,500 రూపాయలు మొదలుకొని, 1,500 దాటిన దూరమునకు 18,000 రూపాయలవరకు గరిష్ఠ ధరలు నిర్ణయించెను. కాని ఆ ఉత్తరువు బిజినెస్ తరగతికి వర్తింపదట! పెండ్లికి పోవువారు, పరీక్షకు పోవువారు, శవమును కడసారి చూడబోవువారు నేలమీద పడియుండగా, ముందు గది సీటునకు మాత్రము ఏ హద్దును లేదు. ఆపత్కాలమునను తెర తొలగలేదు. ఊరంతటికి ఒక దారి, ఉలిపికట్టెకు ఒక దారి యనగా నిదియే.

ఈ తెర రాను రాను విస్తరించుచున్నది. 2006లో పుట్టి, పదునెనిమిదేండ్లు ఒకే తరగతితో నడచిన ఇండిగో కూడ 2024 నవంబరులో ఢిల్లీ, బొంబాయి నడుమ పండ్రెండు పెద్ద సీట్ల ముందు గదిని ఏర్పరచినది. ఎయిర్ ఇండియా చిన్న విమానములలో ఎనిమిది బిజినెస్ సీట్లు, వానికిని ఎకానమీకిని నడుమ మరి యిరువదినాలుగు సీట్లతో ఇంకొక తరగతి వెలసినది. వర్తకులు పెద్ద సీట్లు వేసికొనుటకు నేను అడ్డు చెప్పను. పెద్ద సీట్లు పెరిగినకొలది, అమ్ముడుపోని పెద్ద సీట్లును పెరుగునని మాత్రము జ్ఞాపకము చేయుచున్నాను. కావున నియమము ఇప్పుడే కావలెను.

ఆ నియమ మెట్లుండవలెనో నాకు తోచినది మనవి చేయుచున్నాను.

మొదటిది, వేలము మాని ధర ప్రకటింపవలెను. ప్రయాణమునకు ఇరువదినాలుగు గంటల ముందు పై తరగతిలో ఎన్ని సీట్లున్నవో, క్రింది టిక్కెట్టు కొన్నవాడు ఎంత చెల్లించి అచ్చటికి మారవచ్చునో, అందరికిని ఒక్క ధరగా చూపవలెను. 1937 నాటి విమాన నియమములలో 135వ నియమము ఛార్జీలను ప్రకటింపవలెనని విధించినది. చాటుపాటలో పుట్టిన ధర ఏ ప్రకటనలో నున్నది? వేలమే కావలెనన్నచో అది దండోరాతో జరుగవలెను: సీట్ల సంఖ్య, పాటల సంఖ్య, అప్పటికి పెద్ద పాట అందరికిని కనబడవలెను.

రెండవది, ముందు గదిలో ఒక్క సీటు ఖాళీగా నున్నంతవరకు, టిక్కెట్టు కొన్నవానిని సీటు లేదని త్రిప్పి పంపరాదు. పరిహారముతో సరిపుచ్చుటకు వీలు లేకుండ ఇది శాసనము కావలెను.

మూడవది, టిక్కెట్ల అమ్మకము ముగిసిన తరువాత మిగిలిన సీట్లు మొదట గర్భవతులకు, నడువలేనివారికి, అటుపిమ్మట వృద్ధులకు వయస్సు వరుసను చెందవలెను. వ్యాధిని నటింపవచ్చును, చక్రాల కుర్చీని అవసరము లేకయు అడుగవచ్చును, పుట్టిన తేదీని నటించుట కష్టము. అది పాస్‌పోర్టులో నున్నది. ఇందువలన మోసమునకు తావు తక్కువ.

నాల్గవది, ఇంకను మిగిలి, వెనుక గది నిండియున్నచో, రైలు పద్ధతిని అందరి పేరునను చీటీ వేయవలెను. కంపెనీ ఉద్యోగులు తమ ఉచిత ప్రయాణములకు ఆ తరువాత కూర్చుండవచ్చును. వారు నాకు శత్రువులు కారు. సొమ్ము చెల్లించినవారి పిమ్మట అనుటయే నా ప్రార్థన.

అయిదవది, ఇట్లు పంపబడినవారికి సీటు మాత్రమే. పై తరగతి భోజనము, మర్యాదలు కొన్నవారికే. కంపెనీకి ఖర్చు లేదు. కొన్నవానికి లోటు లేదు. విమానపు తూకము చెడునను సందేహమున్నచో తుది మాట కెప్టెనుది.

ఆరవది, ఆపత్కాలమున ప్రభుత్వము ఛార్జీలకు హద్దు పెట్టినపుడు ఆ హద్దు ముందు గదికిని వర్తింపవలెను. తెర ఆనాడైన తొలగవలెను.

ఇందులో విప్లవ మేదియు లేదు. ఎవరి ఆస్తియు లాగికొనుట లేదు. అమ్ముకొనగలిగినన్ని దినములు అమ్ముకొమ్మనుచున్నాము; అమ్ముడుపోనిదానిని పారవేయక, చాటున తడుమక, ఒక వరుసలో పంచుమనుచున్నాము. 1934 నాటి పాత చట్టము స్థానమున 2025 జనవరి 1వ తేదీనుండి భారతీయ వాయుయాన అధినియమము అమలులోనికి వచ్చినది. క్రొత్త చట్టము క్రింద క్రొత్త నియమములు వ్రాయుటకు ఇదియే అదను. మన పార్లమెంటు సభ్యులు నెలకు ఎన్నిమార్లో ఢిల్లీకి ఎగురుచుందురు. వారిలో ఒక్కరైన ముందు గదినుండి వెనుకకు తిరిగి చూచి, సభలో ఒక ప్రశ్న వేసిన చాలును. చదువరులలో విమానమెక్కువారు ఖాళీ సీట్లను లెక్కించి, తేదీతో, సర్వీసు సంఖ్యతో డైరెక్టరేటునకు వ్రాయుదురు గాక. విమానమెక్కనివారు తమ నియోజకవర్గ సభ్యునకు వ్రాయుదురు గాక. ప్రజలు లెక్క అడుగనంతవరకు ఏ కంపెనీయు లెక్క చెప్పలేదు.

ఆ రాత్రి శంషాబాదులో విమానము దిగిన పిమ్మట, జగిత్యాల అవ్వ గోడ పట్టుకొని, వట్టి పాదములతో మెల్లగా నడచి పోయెను. ఆమెకంటె ముందుగా మేమందరము ఆ ముందు గదిగుండనే బయటికి నడచితిమి. ఎవ్వరును కూర్చుండని సీట్లమీద దుప్పట్లు మడతవిప్పకయే యుండెను. సంతలోని ముసలమ్మ ఆ కుర్చీలకు యజమానురాలై యుండిన, అవి అట్లు మిగులనిచ్చి యుండెడిది కాదు.